తల దాచుకునే వంతెనలు, తల వంచే వంతెనలు

జాతీయ రహదారి 65కు ఒక కొస పుణెలో ఉంటే రెండో కొస మచిలీపట్నంలో ఉంది. ఆ దారిలో పటాన్‌చెరు దాటాక సంగారెడ్డి చేరేలోపు వచ్చే ఊరు కంది. 2015లో ఐఐటీ హైదరాబాద్ ఎద్దుమైలారం నుంచి ఇక్కడి సొంత ప్రాంగణానికి మారింది. 2016లో కంది మండల కేంద్రమైంది. అంతకు చాలా ముందు నుంచే ఈ రోడ్డు వెంట ఫ్యాక్టరీ ప్రహరీలు, లారీల వరుసలు, టిఫిన్ బండ్లు. దారిలో వాగులు లేకపోలేదు. కాకపోతే కాంక్రీటు పిట్టగోడ కనిపించి వెనక్కి పోయేలోపు కింద నీళ్లున్నాయో తుమ్మపొదలున్నాయో చూసే తీరిక ఎవరికీ ఉండదు. ఆదివారం పూట కెమెరా సంచి భుజాన వేసుకుని పాత వంతెనలు వెతుక్కునేవాళ్లకు కంది నుంచి రెండు దారులు: ఉత్తరాన మంజీర, ఆగ్నేయాన మూసీ. ఏ దారిన పోయినా ఒక రకం వంతెన మాత్రం ఎదురుపడదు. అటూ ఇటూ గోడలు, పైన ఇంటికి వేసినట్టు కప్పు ఉండే చెక్క వంతెన.

అలాంటివి లోకంలో చాలాచోట్ల ఉన్నాయి. స్విట్జర్లాండ్‌లోని లూసర్న్ ఊళ్లో 14వ శతాబ్దం నాటి కప్పు వంతెన ఒకటి ఉంది. దాని దూలాల నడుమ వరుసగా బొమ్మల పలకలు బిగించి ఉండేవి. 1993 ఆగస్టులో నిప్పంటుకుని వాటిలో ఎక్కువ భాగం కాలిపోయాయి. వంతెనను మాత్రం నెలల్లోనే మళ్లీ నిలబెట్టారు. భూటాన్‌లో పునాఖా కోట ముందు, వియత్నాంలోని హోయి ఆన్‌లో, దక్షిణ చైనాలో డాంగ్ జాతివాళ్ల పల్లెల్లో ఇదే కుదురు వంతెనలు కనిపిస్తాయి. కానీ వీటిని వందల లెక్కన కట్టింది అమెరికా. అక్కడ మొదటి పెద్ద కప్పు వంతెన 1805లో ఫిలడెల్ఫియా దగ్గర స్కూల్‌కిల్ నది మీద పూర్తయింది. తిమోతీ పామర్ అనే వడ్రంగి మేస్త్రీ దాన్ని కట్టాడు. కప్పు వేయాలని పట్టుబట్టింది మాత్రం వంతెన కంపెనీలో పెద్దమనిషి, జడ్జి రిచర్డ్ పీటర్స్.

ఆయన పట్టుదలకు కారణం బాటసారులు తడవకూడదని కాదు. చెక్క దూలాలను త్రికోణాలుగా బిగించి నది దాటించే పద్ధతిలో ప్రాణమంతా అతుకుల దగ్గర ఉంటుంది. అతుకులోకి వాననీరు దిగి, ఎండి, మళ్లీ దిగితే పది పదిహేనేళ్లలో దూలం పుచ్చిపోతుంది. పైన కప్పు, పక్కన పలకల గోడ వేస్తే అదే దూలం నూరేళ్లు దాటి నిలుస్తుంది. కప్పు పాడైతే కప్పు మార్చుకోవచ్చు. దూలం పాడైతే వంతెనే పోతుంది. ఈ చిన్న లెక్క మీద పెన్సిల్వేనియా, వెర్మాంట్, ఇండియానా, అయోవా రాష్ట్రాల పల్లెల్లో వందల వంతెనలు లేచాయి. అయోవాలోని మాడిసన్ కౌంటీలో 19 ఉండేవి, ఇప్పుడు ఆరు మిగిలాయి. వాటిని ఫొటోలు తీయడానికి వచ్చిన ఫొటోగ్రాఫర్ కథతో 1992లో నవల, 1995లో సినిమా వచ్చాక ఆ ఆరూ యాత్రాస్థలాలైపోయాయి. న్యూజెర్సీ, పెన్సిల్వేనియాల్లో స్థిరపడ్డ మనవాళ్లు అక్టోబరులో ఆకులు ఎర్రబడే వేళ పిల్లల్ని నిలబెట్టి తీసి పంపే ఫొటోల వెనకాల ఇలాంటి కప్పు వంతెనే ఉంటుంది.

మరి మనకెందుకు లేవు? చెక్క లేకనా అంటే కాదు, ఆదిలాబాద్ టేకు ఎక్కడెక్కడికో పోయింది. అసలు సంగతి నదుల తీరులో ఉంది. దక్కను నది ఏడాదిలో ఎనిమిది నెలలు ఇసుక. ఎడ్లబండి దిగి ఎక్కుతుంది, మనిషి పంచె ఎగ్గట్టి దాటుతాడు. మిగిలిన నాలుగు నెలల్లో ఏదో ఒక రాత్రి నది తాడెత్తు లేస్తుంది. ఇక్కడ వంతెనకు ముప్పు నెత్తిన పడే చినుకు వల్ల రాదు, ఎగువన కురిసి చెట్లనూ పశువులనూ దొర్లించుకొచ్చే వరద వల్ల వస్తుంది. దానికి కప్పు ఏం పనికొస్తుంది? అందుకని ఇక్కడి మేస్త్రీలు రెండే ఉపాయాలు పట్టారు. డబ్బున్నచోట వరదకు అందనంత ఎత్తున రాతి కమాన్లు లేపారు. డబ్బు లేనిచోట వంతెనను నది అడుక్కే దించి, వరద దాని నెత్తి మీదుగా పోయేలా వదిలేశారు. మొదటి రకానికి పేరొచ్చింది, బొమ్మలొచ్చాయి, జాబితాల్లో చోటు దొరికింది. రెండో రకమే ఈ నేల సొంత వంతెన. దాన్ని ఎవరూ లెక్కలోకి తీసుకోలేదు.

ఈ రెండూ రాకముందు దాటడమెలా? మంజీరనే తీసుకుందాం. మహారాష్ట్ర బీడ్ జిల్లాలోని బాలాఘాట్ కొండల్లో పుట్టి తూర్పుకు వచ్చిన నది సంగారెడ్డి ప్రాంతంలో ఉత్తరానికి తిరిగి, మెదక్ మీదుగా పోయి కందకుర్తి దగ్గర గోదావరిలో కలుస్తుంది. ఇంత పొడవునా పాతకాలపు రాకపోకలు రేవుల మీద నడిచాయి. దక్కను నదుల్లో రేవు అంటే పుట్టి. వెదురు బద్దలతో అల్లి, బయట తోలు తొడిగిన గుండ్రని పడవ. 17వ శతాబ్దంలో గోల్కొండ నుంచి వజ్రాల గనులకూ మచిలీపట్నానికీ తిరిగిన ఫ్రెంచి వర్తకుడు టావెర్నియె కృష్ణ దాటేటప్పుడు ఈ తోలు బుట్టలు చూసి వివరంగా రాసుకున్నాడు. పెద్ద నదుల మీద వంతెన కట్టే ప్రయత్నం అంతకు ముందు జరగలేదని కాదు. హంపి విఠలాలయం దగ్గర తుంగభద్రలో ఆనెగొంది వైపు సాగే రాతి స్తంభాల వరుసలు ఇవాళ్టికీ నిలబడి ఉన్నాయి. పైన పరిచినదేదో పోయింది. విజయనగరం అంతటి రాజధానికే వంతెన నిలవలేదంటే మామూలు ఊళ్ల సంగతి చెప్పేదేముంది. భద్రాచలం దగ్గర గోదావరికి రోడ్డు వంతెన 1965లో గానీ రాలేదు, రాష్ట్రపతి సర్వేపల్లి రాధాకృష్ణన్ దాన్ని ప్రారంభించారు.

పల్లెల మధ్య అసలు వంతెన ఇంకోటి ఉండేది: చెరువు కట్ట.

తెలంగాణలో ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి పోయే బాట ఎక్కడ వాగు దాటాలో సరిగ్గా అక్కడే చెరువు కట్ట కనిపించడం వింతేమీ కాదు. వాగుకు అడ్డంగా మట్టి కట్ట వేస్తే ఇటు నీళ్లు నిలుస్తాయి, పైన బండి పోతుంది. వడ్డెరలు రాళ్లు కొట్టి తెచ్చి లోపలి వైపు పేర్చేవారు, ఉప్పరులు మట్టి మోసేవారు. కట్ట కొసన మత్తడి దగ్గర మాత్రం రాయి పరిచి, నీళ్లు పొర్లే రోజుల్లో మోకాలి లోతు నీళ్లలో దాటిపోయే ఏర్పాటు ఉండేది. అంటే నీళ్ల కింద ఉండే దారి మన పెద్దవాళ్లకు కొత్తేమీ కాదు. పటాన్‌చెరు పేరులోనే చెరువుంది. 11వ శతాబ్దపు కల్యాణి చాళుక్యుల శాసనాల్లో కనిపించే పొట్టలకెరె ఇదేనని చరిత్రకారులు గుర్తించారు. రెండో జయసింహుడు అక్కడి నుంచి రాజ్యం చేశాడు. ఈనాటి ఇండస్ట్రియల్ ఏరియా కింద ఎన్ని పాత కట్టలు రోడ్లయ్యాయో, ఎన్ని రోడ్లు ప్లాట్లయ్యాయో పాత గ్రామపటం పక్కన పెట్టుకుని తిరిగితే కొంత తేలుతుంది.

ఇక ఎత్తుగా లేచిన రాతి వంతెనల్లో తొలి పేరు పురానాపూల్‌ది. కంది నుంచి హైవే మీద నగరంలోకి వచ్చి కార్వాన్ వైపు తిరిగితే మూసీ మీద కనిపిస్తుంది. ఇబ్రహీం కులీ కుతుబ్‌షా 1578లో కట్టించాడు. 22 కమాన్లు, 600 అడుగుల పొడవు, 35 అడుగుల వెడల్పు, నది అడుగు నుంచి 54 అడుగుల ఎత్తు. అప్పటికి హైదరాబాద్ పుట్టలేదు, పుట్టడానికి ఇంకా పదమూడేళ్లుంది. గోల్కొండ కోట నుంచి కార్వాన్ మీదుగా వచ్చే వర్తకుల బిడారులు దక్షిణ గట్టుకు చేరి మచిలీపట్నం దారి పట్టడానికి ఈ వంతెన కావలసి వచ్చింది. ఊరు లేనిచోట వంతెన కట్టారు, వంతెన ఉన్నందుకు ఊరు వచ్చింది. 1591లో చార్మినార్ లేచింది ఈ వంతెన దిగి తూర్పుకు సాగే దారిలోనే.

టూరిస్టు గైడ్లు చెప్పే కథ వేరు. యువరాజు మహమ్మద్ కులీ ప్రియురాలు భాగమతిని చూడటానికి పొంగే మూసీలో గుర్రాన్ని దూకించాడని, కొడుకు ప్రాణానికి భయపడి తండ్రి వంతెన కట్టించాడని. కథ బాగుంది. చిక్కల్లా లెక్కలోనే. మహమ్మద్ కులీ పుట్టింది 1565 ప్రాంతంలో. వంతెన పూర్తయ్యే నాటికి అతనికి పదమూడేళ్లు. మొదలుపెట్టే నాటికి ఇంకా తక్కువ. ఇబ్రహీం కులీ సుల్తాను కొడుకు ప్రేమ కోసం కన్నా సుంకాల కోసం రాయి మోయించాడని అనుకోవడమే సబబు. కానీ వజ్రాల మూటల కథకు సినిమా పాట రాదు గదా.

టావెర్నియె ఈ వంతెన చూసి పారిస్‌లోని పోంనఫ్ వంతెనకు అందంలో పెద్దగా తీసిపోదని రాశాడు. మెచ్చుకోలుకు అన్నాడో నిజంగా అనిపించిందో గానీ, ఆ పోలికలో అతను గమనించని విశేషం ఒకటుంది. పోంనఫ్‌కు శంకుస్థాపన జరిగింది కూడా సరిగ్గా 1578లోనే. అది పూర్తి కావడానికి 1607 దాకా పట్టింది. పారిస్‌లో అంతకు ముందున్న వంతెనల మీద రెండు వైపులా ఇళ్లు, అంగళ్లు కిక్కిరిసి ఉండేవి. నడిచేవాడికి నది కనిపించేది కాదు. ఇళ్లు లేకుండా ఆకాశానికి తెరిచి పెట్టిన మొదటి వంతెన పోంనఫ్. మూసీ మీద కథ తిరగబడింది. ఖాళీగా మొదలైన పురానాపూల్, పక్కన కొత్త వంతెన వచ్చి బండ్లు అటు మళ్లాక, కూరగాయల అంగడిగా మారింది. తట్టలు, టార్పాలిన్ పందిళ్లు, గొడుగులు. ఈ ప్రాంతంలో కప్పు వంతెనకు అతి దగ్గరగా వచ్చింది ఏదంటే టార్పాలిన్లు కట్టిన పురానాపూలే. పరిరక్షణ కోరేవాళ్లకు ఈ అంగడి కంట్లో నలుసు. వాళ్ల బాధ అర్థమవుతుంది. అయినా వాహనాలు వదిలేసిన వంతెనను ఇన్నేళ్లు మనుషుల కాళ్ల కింద బతికించింది ఆ టమాటాల గంపలే అన్న మాట కూడా ఒప్పుకోవాలి.

ఫొటో తీసేవాళ్లకు ఇక్కడో పాఠం ఉంది. కప్పు వంతెనను లోపల నిలబడి తీయొచ్చు, పలకల సందుల్లోంచి వచ్చే వెలుగు చాలు. రాతి కమాన్ల వంతెన మీద నిలబడితే మాత్రం రోడ్డు తప్ప ఏమీ కనిపించదు. దిగాలి. లేదా పక్క వంతెన ఎక్కాలి. నది పడమర నుంచి తూర్పుకు పారేచోట పొద్దున, సాయంత్రం వెలుగు కమాన్ల మీద ఏటవాలుగా పడి ఒక్కో రాయి అంచు తేలుతుంది. నడిమధ్యాహ్నం అన్నీ నల్లటి బిలాలే. కమాను లోపలి వంపు, కాళ్ల ముందు వరదను చీల్చడానికి కోసుగా కట్టిన రాతి ముక్కు, పాత సున్నపు గచ్చు మీద తర్వాతి మరమ్మతుల సిమెంటు అతుకులు: ఇవన్నీ పక్క నుంచి, కింద నుంచి మాత్రమే తెలుస్తాయి. మురుగు వాసనకు ముక్కు మూసుకోవడం కూడా ఇందులో భాగమే.

పురానాపూల్ తర్వాత మూసీ మీద రెండో వంతెన రావడానికి రెండున్నర శతాబ్దాలు పట్టింది. 1831లో చాదర్‌ఘాట్ దగ్గర మద్రాసు సైన్యపు ఇంజినీరు ఆలిఫెంట్ కట్టిన వంతెన కోఠీలోని బ్రిటిష్ రెసిడెన్సీని పాత నగరంతో కలిపింది. ఆ తర్వాత నిజాం అఫ్జలుద్దౌలా కాలంలో నయాపూల్, 1897లో ముస్లింజంగ్ పూల్. ఈ నడుమనే 1874లో వాడి నుంచి సికింద్రాబాద్‌కు రైలు వచ్చింది, శంకర్‌పల్లి, లింగంపల్లి మీదుగా కందికి దక్షిణాన ఆ పట్టాలు పోతాయి. రైలుకు కమాన్లు కావాలి, కమాన్లకు రాయి కొట్టేవాళ్లు కావాలి. వడ్డెర కుటుంబాలకు చెరువు పనుల పక్కన కొత్త పని దొరికింది. కమాను మీద ఆ శతాబ్దపు మోజు ఎంతటిదంటే, 19వ శతాబ్దం మొదటి దశకంలో మీరాలం చెరువు కట్టినవాళ్లు ఆనకట్టకు మట్టి కట్ట బదులు 21 కమాన్లను పక్కకు పడుకోబెట్టి నీళ్లకు ఎదురొడ్డించారు. జూపార్కు పక్కన ఇప్పటికీ నీళ్లు ఆపుతున్నాయి.

ఆ కాలాన్ని బొమ్మల్లో పట్టినవాడు రాజా దీనదయాళ్. మీరట్ దగ్గర సర్ధనాలో 1844లో పుట్టిన ఆయన రూర్కీలోని థామసన్ కాలేజీలో ఇంజినీరింగు చదివి, ఇందూరులో పబ్లిక్ వర్క్స్ శాఖలో నక్షాలు గీసే ఉద్యోగం చేశాడు. కెమెరా ఆ తర్వాత వచ్చింది. ఆరో నిజాం ఆస్థాన ఛాయాచిత్రకారుడై, సికింద్రాబాద్‌లో స్టూడియో పెట్టాడు. ఆయన తీసిన భవనాల ఫొటోల్లో గీత వంకరపోదు, నిలువు నిలువుగానే ఉంటుంది. గంటల తరబడి నక్షా బల్ల మీద వంగిన కళ్లవి. కట్టడం ఎలా నిలబడిందో తెలిసినవాడు తీసే ఫొటోకు, అందంగా ఉందని తీసే ఫొటోకు తేడా తెలుసుకోవాలంటే ఆయన ఆల్బమ్‌లు తిరగేయాలి. ఆయన 1905లో కన్నుమూశాడు. మూడేళ్లకే మూసీ నగరం మీద పడింది.

1908 సెప్టెంబరు 28. నయాపూల్, ముస్లింజంగ్, చాదర్‌ఘాట్ వంతెనలు మూడూ దెబ్బతిని తెగిపోయాయి. 330 ఏళ్ల పురానాపూల్ ఒక్కటే గాయాలతో నిలిచి రెండు గట్లనూ కలిపింది. 1820 వరదలో దెబ్బతింటే నిజాం సికందర్ జా బాగు చేయించిన వంతెన అది. 1908 వరదలో వేలమంది ప్రాణాలు పోయాయి. మరుసటి ఏడు నిజాం పిలుపుపై వచ్చిన ఇంజినీరు విశ్వేశ్వరయ్య లెక్క తీస్తే మూసీ పరివాహకంలోని 788 చెరువుల్లో 221 తెగినట్టు తేలింది. పైచెరువు తెగి కింది చెరువును, అది దాని కింది చెరువును తన్నుకుంటూ వచ్చింది. బాటలుగా పనిచేసిన కట్టలే వరదకు మెట్లయ్యాయి. 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ పూర్తయ్యాక మూసీకి కళ్లెం పడింది. నది మామూలు రోజుల్లో కాలువంత సన్నబడింది. వంతెనలు తమ కింది నీటికి మరీ పెద్దవైపోయాయి.

కళ్లెం పడ్డ నదిని చూసి ధైర్యం వచ్చినవాళ్లు దించినవే మూసారాంబాగ్, చాదర్‌ఘాట్ కాజ్‌వేలు. ఎత్తు తక్కువ, ఖర్చు తక్కువ. జంట జలాశయాల గేట్లు ఎక్కువగా ఎత్తినప్పుడల్లా మునుగుతూ వచ్చాయి. 2020 అక్టోబరులో మునిగాయి, ఆ తర్వాతా మునిగాయి. 2025 సెప్టెంబరులో మహాత్మాగాంధీ బస్‌స్టేషన్‌లోకే మూసీ వచ్చింది. నగరంలో ఇది వార్త. టీవీ బండ్లు వస్తాయి. పల్లెల్లో ఇదే సంగతి ఏటా జరిగే తంతు.

కాజ్‌వే కట్టడంలో తెలివి ఉంది, దాన్ని తీసిపారేయకూడదు. వాగు అడుగు మీద ఒక అడుగో రెండడుగులో ఎత్తున రాయి, కాంక్రీటు దిమ్మె వేస్తారు. దాని కింద మామూలు నీళ్లు పోవడానికి సిమెంటు పైపులు. ఎగువన, దిగువన అడుగు కోసుకుపోకుండా రాళ్ల పరుపు. పిట్టగోడ ఉండదు. ఉంటే కొట్టుకొచ్చే చెట్లు దానికి తట్టుకుని, వెనక నీళ్లు ఎగదన్ని, మొత్తం కట్టడాన్నే పెకలిస్తాయి. గోడ బదులు దూరదూరంగా తెల్ల సున్నం కొట్టిన రాళ్లు, లోతు చూసుకోవడానికి అంకెలు రాసిన స్తంభం. వరద వచ్చిందంటే వంతెన తల వంచుతుంది, నీళ్లు దాటిపోతాయి, తెల్లారి బురద ఎత్తేసి మళ్లీ బండ్లు నడుస్తాయి. ఏడాదిలో నాలుగైదు రోజులు రాకపోకలు ఆగితే ఆగనీ, అన్న లెక్క మీద నిలబడ్డ వంతెన ఇది. ఎడ్లబండి కాలంలో ఆ లెక్క సరిపోయింది. ఎద్దు నీళ్లు చూసి ఆగుతుంది. మోటారు సైకిలు ఆగదు. పోలీసులు ముళ్లకంప అడ్డం వేసి, పంచాయతీ సిబ్బంది కాపలా ఉన్నా ఏటా ఎవరో ఒకరు కొట్టుకుపోతున్నారంటే కారణం అదే.

వరదను మీది నుంచి పోనివ్వడం ఈ ప్రాంతానికి ఎంత అలవాటో చూడాలంటే మంజీర వెంట మెదక్ వైపు పోయి ఏడుపాయల చూడాలి. నది ఏడు పాయలుగా చీలేచోట వనదుర్గ గుడి ఉంది. పైన ఘనపురం ఆనకట్ట పొర్లిన ప్రతి ఏడూ గర్భగుడి ముందు నుంచి మంజీర పరుగెడుతుంది. గుడి మూస్తారు, ఉత్సవమూర్తిని రాజగోపురం దగ్గర పెట్టి పూజలు చేస్తారు, నీళ్లు తగ్గాక కడిగి తలుపులు తీస్తారు. గుడిని ఎత్తుకు మార్చాలన్న గోల పెద్దగా వినపడదు.

నెత్తిన నీళ్లు మోసే వంతెనల్లో అసాధారణమైనది కోనసీమలో ఉంది. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయ్యాక గోదావరి పాయ వైనతేయకు అవతలి లంకలకు కాలువ నీళ్లు ఎలా చేర్చాలన్నది సమస్య. కాటన్ దొర మనుషులు 1850లలోనే పి.గన్నవరం దగ్గర నది మీదుగా 49 ఇటుక కమాన్ల అక్విడక్టు కట్టేశారు. కింద నది, పైన కాలువ. సుమారు నూటయాభై ఏళ్లు పనిచేశాక 2000లో పక్కనే కొత్తది వచ్చింది. దానికి నిత్యాన్నదానంతో పేరు పొందిన డొక్కా సీతమ్మ పేరు పెట్టారు. పాత కమాన్లు పక్కనే నిలిచి ఉన్నాయి. ఇటుక వంతెన ఫొటోకు ఇంతకన్నా మంచి చోటు తెలుగునాట మరోటి కనిపించదు. రాజమహేంద్రవరంలో 1900 ఆగస్టులో రైళ్లకు తెరిచి 1997లో మూసేసిన 56 ఖానాల హేవలాక్ వంతెనకు అభిమానులు ఎక్కువే. అది ఇనుము, దాని కథ వేరు.

కంది చుట్టుపక్కలకు తిరిగి వస్తే, ఇక్కడ కప్పు వేసి దాచింది వంతెనల్ని కాదు, నీళ్లను. సంగారెడ్డి దాటి కల్పగూరు దగ్గర మంజీర బ్యారేజీ ఉంది. 1965 నుంచి హైదరాబాద్ ఈ నీళ్లు కూడా తాగుతోంది, 1990ల నుంచి సింగూరు నీళ్లు తోడయ్యాయి. ఆ పెద్ద పైపులు పటాన్‌చెరు మీదుగా నేల కింద నగరానికి పోతాయి. బ్యారేజీ వెనక నిలిచిన నీటిని 1978లో అభయారణ్యం చేశారు. ఇప్పుడు కెమెరాలు ఎక్కువగా తిరిగేది అక్కడే, మొసళ్ల కోసం, చలికాలపు పక్షుల కోసం. అదే మంజీరలో కలిసే నక్కవాగు వైపు కెమెరా తిప్పినవాళ్లు తక్కువ. పటాన్‌చెరు, బొల్లారం ఫ్యాక్టరీల నీళ్లు దశాబ్దాల పాటు ఆ వాగులోకి దిగాయి. పొలాలు పోయాయి, బావులు పోయాయి, 1990లో వ్యవహారం సుప్రీంకోర్టుకు ఎక్కింది. ఆ వాగు మీది మామూలు కల్వర్టులకు చరిత్ర లేదని ఎవరైనా అంటే నమ్మనక్కర్లేదు. కింద పారిన నీటి రంగు ఏ ఏడు ఎలా మారిందో చూసినవి అవే.

ఇలాంటి మామూలు వంతెనల చరిత్ర రాసిపెట్టే పని ఇప్పుడైనా చేయొచ్చు. పురానాపూల్ కొలతలు ఏ గెజిటీరులోనైనా దొరుకుతాయి. కాజ్‌వేలు మాత్రం ఒక్కొక్కటే పోయి వాటి చోట ఎత్తు వంతెనలు వస్తున్నాయి. రావలసిందే, ఊళ్లు ఏటా మనుషుల్ని వాగుకు వదులుకోలేవు. కానీ కూల్చేముందు దిమ్మె పొడవు, పైపుల లెక్క, లోతు స్తంభం మీద మిగిలిన వరద గీత, రాళ్ల పరుపు పేర్చిన తీరు, ఇవి నాలుగు వైపుల నుంచి ఫొటో తీసి తారీఖు, ఊరి పేరు రాసి పెట్టడానికి ఒక పూట చాలు. ఇంజినీరింగు చదివే పిల్లలకు ఇక్కడ కొదవ లేదు. దీనదయాళ్ మొదలుపెట్టింది కూడా కొలతలతోనే.

మూసారాంబాగ్ దగ్గర ఎత్తు వంతెన పని ఇప్పటికే మొదలైంది. దానికి దిగువన అంబర్‌పేటలో నగరపు మురుగు శుద్ధి చేసే కేంద్రం ఉంది. పటాన్‌చెరు ఫ్యాక్టరీల నీళ్లను ఒక విడత శుద్ధి చేశాక నక్కవాగులోకి వదలకుండా 18 కిలోమీటర్ల పైపులైను వేసి నగరపు మురుగు కాలువల్లో కలిపారు. అక్కడి నుంచి అవి చేరేది ఆ కేంద్రానికి, ఆపైన మూసీకి. మంజీర ఒడ్డు నుంచి తాగే నీళ్లు పోయిన దిక్కుకే ఈ నీళ్లూ పోయాయి, రెండూ మూతేసిన గొట్టాల్లోనే. కొత్త వంతెన మీద నిలబడి దిగువకు కెమెరా పెట్టేవాళ్లకు నురగ దూరం నుంచి తెల్లగా, చూడముచ్చటగానే కనిపిస్తుంది. రంగు తెలియాలంటే గట్టు దిగాలి.